ఫ్యాక్టరీలో లేని ముక్క

మా ఆయన ఊళ్ళోవాళ్ళందరి చూపూ సరిచేస్తాడు. మెయిన్ రోడ్డు మీద కళ్ళజోళ్ళ షాపు ఆయనది. దూరపు చూపైనా దగ్గర చూపైనా సరే, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి అద్దాలు మార్చి మార్చి సరిచేసి పంపిస్తాడు. ఇంటికొస్తే మాత్రం ఫ్రిజ్‌లో కళ్ళముందున్న పాలగిన్నె కనబడదు. ఎక్కడ పెట్టావని నన్ను అడుగుతాడు. అదే, నలభై ఏళ్ళనాటి గో-కార్టు ఇంజను మీద ఒక బోల్టు మారిందనుకోండి, వీధి మొగలోంచే పసిగట్టేస్తాడు.

గో-కార్టు అంటే ఏమిటో తెలియనివాళ్ళు పెట్టి పుట్టారు. నేను అలా పుట్టలేదు కాబట్టి చెబుతున్నాను. నేలకి జానెడు ఎత్తులో గొట్టాలు అతికించిన ఒక చట్రం, దానికి నాలుగు బుల్లి చక్రాలు, ఒక సీటు, సీటు పక్కనే చెవులు చిల్లులు పడేలా అరిచే ఇంజను. తలుపుల్లేవు, పైకప్పు లేదు, గతుకులకి స్ప్రింగులు లేవు. పెడల్స్ రెండే. కుడికాలికి వేగం, ఎడంకాలికి బ్రేకు. చూస్తే పిల్లల ఆటబొమ్మలా ఉంటుంది గానీ, పందేల్లో దిగినవి మామూలు కార్లని దాటేసి పోతాయట. అలాంటివి ముసలివై, తుప్పుపట్టి, ఎవరి గోడౌన్లోనో మూలపడితే, వెతికి తెచ్చి మళ్ళీ కొత్తవాటిలా చెయ్యడం మా ఆయన సరదా. సరదా అన్నది ఆయన వాడే మాట. నేను వాడే మాట ఇక్కడ రాయలేను. మా కారు వీధిలో ఎండకి ఎండి వానకి తడుస్తుంది. దాని గరాజ్‌లో కార్టు దుప్పటి కప్పుకుని పడుకుంటుంది.

పిచ్చి ఒక్కడికే ఉంటే వైద్యం చేయించొచ్చు. వీళ్ళకి సంఘం ఉంది. పాత కార్టుల సంఘం. అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. ఏడాదికోసారి ఊరి బయట గోడౌన్ల వెనకున్న పాత ట్రాక్ మీద ప్రదర్శన పెట్టుకుంటారు. వీళ్ళ వేదవాక్యం ఒక్కటే. బండి ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలి. డాక్టరుగారు నోట్లో పళ్ళు చూసే చిన్న అద్దం తెచ్చి ఇంజను సందుల్లో పెట్టి చూస్తారు. అది రోగులకి వాడేదేనా అని నేను అడగలేదు, కానీ నా పన్ను నొప్పికి వేరే డాక్టరు దగ్గరికి వెళ్తాను. కిందటిసారి మా ఆయనకి రెండో బహుమతి వచ్చింది. మొదటిది ఎందుకు రాలేదంటే, ఇత్తడి వాషరు ఉండాల్సిన చోట ఇనప వాషరు ఉందట. ఆ దిగులుతో ఆయనకి చాన్నాళ్ళు అన్నం సహించలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనేవాణ్ణయినా బతిమాలి ఒప్పించొచ్చు. ఈయన కుందేలుకి ఫ్యాక్టరీలో ఎన్ని కాళ్ళు పెట్టారో కేటలాగు తీసి చూపిస్తాడు.

బహుమతుల లెక్క తేలాక బళ్ళన్నీ ట్రాక్ మీద మూడు చుట్లు నెమ్మదిగా తిరుగుతాయి. అది ఊరేగింపు. అక్కడితో సంబరం అయిపోతుంది, మళ్ళీ ఏడాది పాటు తుడుచుకోవడమే.

మా వదిన, అంటే మా ఆయన అక్క, డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. ఊళ్ళో సగం మందికి గేరు వెయ్యడం నేర్పింది ఆవిడే. మిగతా సగం ఆవిడ కేకలు భరించలేక వేరే స్కూలుకి పోయి, ఇప్పుడు గోడలకి గుద్దుకుంటున్నారు. వయసులో ఉండగా ఆవిడ కార్టు పందేల్లో దిగేది. మా మామయ్యగారికి గేట్లూ గ్రిల్సూ చేసే వర్క్‌షాపు ఉండేది. కూతురికి బండి కొని, తనే ట్రాక్‌కి తీసుకెళ్ళి, తనే బాగుచేసి పెట్టేవారట. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. అప్పటి ఫొటో ఒకటి మా హాల్లో ఉంది. వదిన బండిలో కూర్చుని, ఒళ్ళో కప్పు పట్టుకుని, ఎండకి మొహం చిట్లించుకుని ఉంటుంది. ముందున్న నంబరు పలక కాళ్ళని కప్పేసింది.

వదినకి ఎడంకాలు కుడికాలి కన్నా రెండు వేళ్ళు పొట్టి. పుట్టుకతో వచ్చిందే. ఆ కాలి బూటుకి మందపాటి అడుగు వేయించుకుంటుంది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నేను ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడతాను. పెళ్ళైన కొత్తలో వదిన ప్యాంటు పొడవు తగ్గించమని ఇస్తే, కొలత తీసి, ఎడంవైపు కాస్త ఎక్కువ మడిచి కుట్టాను. ఆవిడ తొడుక్కుని అద్దంలో చూసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు బీరువాలో ఉన్న ప్యాంట్లన్నీ తెచ్చి నా ముందు పడేసింది. మా స్నేహం అక్కడ మొదలైంది. అత్తవారింట్లో ఆ కాలి మాట ఎవరూ ఎత్తరు. అక్క కన్నా బాగా చిన్నవాడైన మా ఆయన, అటు చూడకూడదని నేర్చుకునే పెరిగాడు. మిగతా చదువుల సంగతేమో గానీ ఆ పాఠం మాత్రం ఆయనకి బాగా వంటబట్టింది.

ఈ ఏడాది మొదట్లో ఆయన ఒక పాత గోడౌన్ అటక మీద నుంచి ఇంకో తుప్పు దింపుకొచ్చాడు. ఇంట్లో తుప్పుకి కొరతా ఏమిటి అనబోయాను. ఆయన మొహం చూసి ఆగాను. రంగు గీకితే, వెనక గొట్టం మీద మా ఇంటిపేరు అక్షరాలు బయటపడ్డాయి, మామయ్యగారు ఉలితో కొట్టినవి. వదిన బండి అది. మామయ్యగారు అమ్మేశాక చేతులు మారి, రంగులు మారి, మళ్ళీ మా గుమ్మంలోకే వచ్చింది. ఆ రోజు మా ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మర్నాటికల్లా ఆ అక్షరాల్ని లప్పంతో పూడ్చేసి పైన రంగేశాడు. ఎందుకండీ అంటే, ఫ్యాక్టరీలో లేవుగా అన్నాడు. అయినా కింద ఉన్నాయిగా అని కూడా అన్నాడు.

సంగతి తెలిసి వదిన ఆ సాయంత్రమే వచ్చింది. ఆవిడకి తుంటి ఎముక అరిగిపోయింది, ప్రదర్శన అయిన మరుసటి వారం ఆపరేషను. ఆ తర్వాత నేలబారు సీట్లో కూర్చోవడం ఈ జన్మకి కుదరదని డాక్టరు ఖరాఖండీగా చెప్పాడు. తుంటి డాక్టరు లెండి, పళ్ళ డాక్టరు కాదు. ఊరేగింపులో ఆ మూడు చుట్లూ తనే నడుపుతానని తమ్ముడితో చెప్పింది. వెళ్ళేటప్పుడు నా మిషను దగ్గర ఆగింది.

"ఒక్కసారి దాంట్లో కూర్చోవాలి మరదలా. ఆ తర్వాత మీరు ఏ కుర్చీలో కూర్చోమంటే ఆ కుర్చీలో కూర్చుంటాను."

అప్పటిదాకా నాకు కార్టులంటే ఉన్న అభిప్రాయం వేరు. ఆ రోజు మొదటిసారి, ఈ ఒక్క బండి మాత్రం పూర్తయితే బాగుండునని మనస్ఫూర్తిగా కోరుకున్నాను.

పూర్తయ్యేదాకా చూడొద్దని మా ఆయన అక్క దగ్గర మాట తీసుకున్నాడు. ఇక మొదలైంది. కళ్ళజోళ్ళ షాపు మధ్యాహ్నానికే మూతపడేది. ఎవరికైనా చూపు కావాలంటే పొద్దునే తెచ్చుకోవాలి. కార్బురేటరు విప్పి, దాని పేగులన్నీ నా వంటింటి గిన్నెలో నానబెట్టాడు. పాత చెయిన్ బదులు ఇంకోటి దొరికితే రంగు తేడా అని తిప్పి పంపాడు. సీటుకి రెక్సిన్ నా చేత కుట్టించాడు. ఫ్యాక్టరీలో అంగుళానికి ఎన్ని కుట్లు వేశారో అన్నే వెయ్యమన్నాడు. నాకు కూలి లేదు, అన్నం పెట్టి మరీ కుట్టాను.

ఎక్కడ ఏది తేడాగా ఉన్నా హాల్లో ఫొటో తీసుకెళ్ళి కేటలాగు పక్కన పెట్టి, భూతద్దంతో చూసేవాడు. అలా చూస్తూ చూస్తూ ఒకరోజు బ్రేకు పెడల్ దగ్గర ఆగాడు. పెడల్ చివర ఎవరో ఇనప గొట్టం ముక్క ఒకటి అడ్డదిడ్డంగా అతికించి, దాని మీద పాత టైరు రబ్బరు కొట్టారు. కేటలాగులో అది లేదు. ఫొటోలో కాళ్ళే లేవు. మధ్యలో ఏ తలమాసినవాడో కొనుక్కుని చేసిన నిర్వాకమని మా ఆయన తేల్చేశాడు. ఆ వెల్డింగు మీద ఆయనకి పట్టరాని కోపం వచ్చింది. వెల్డింగు చేసినవాడికి ఉన్నవి చేతులా కాళ్ళా అని ఆ వారమంతా తిట్టాడు. అన్నం తింటూ తిట్టాడు, షాపులో కళ్ళు పరీక్ష చేస్తూ తిట్టాడని కూడా విన్నాను. చివరికి రంపం పట్టి ఆ ముక్కని కోసేసి, పెడల్ నున్నగా అరగదీసి, కేటలాగులో ఉన్నట్టు తయారుచేసి, పీడ విరగడైందన్నాడు.

నేను ఆ ముక్కని చెత్తలోంచి తీసుకున్నాను. గరాజ్‌కీ నా కుట్టుగదికీ మధ్య తలుపు ఒకటి ఉంది, గాలి వీస్తే చాలు, కాలనీ అంతా వినబడేలా కొట్టుకుంటుంది. ఆ ముక్క దానికి అడ్డం పెడితే చక్కగా సరిపోయింది. బరువుంది, రబ్బరు ఉంది కాబట్టి జారదు. ఇన్నేళ్ళలో ఆ గరాజ్‌లోంచి ఇంటికి పనికొచ్చే వస్తువు బయటికి రావడం అదే మొదలు. ఆ మాట ఆయనతో అంటే, నీకు కళాహృదయం లేదన్నాడు.

ప్రదర్శనకి ముందురోజు మధ్యాహ్నం వదినని పిలిచాం. మా ఆయన దుప్పటి తీశాడు. ఉన్న మాట చెప్పాలి, బండి తళతళలాడుతోంది. ఎర్రరంగు మీద నా మొహం నాకే కనబడింది. వదిన చాలాసేపు దాని చుట్టూ తిరిగింది. వెనక గొట్టాన్ని వేళ్ళతో తడిమింది, ఏదో వెతుకుతున్నట్టు. తర్వాత బూట్లు విప్పి, పల్చటి గుడ్డ బూట్లు తొడుక్కుంది. మందపాటి అడుగున్న బూటు ఆ ఇరుకులో స్టీరింగు కడ్డీకి తగులుకుంటుంది. నా భుజం, మా ఆయన భుజం పట్టుకుని, నొప్పికి పళ్ళు బిగించి మెల్లగా సీట్లోకి దిగింది.

కుడికాలు చాపింది, పెడల్ అందింది. ఎడంకాలు చాపింది.

నేను కొలతలు తీసే మనిషిని. మా ఆయన సెల్‌ఫోన్‌లో ఫొటోలు తీస్తుండగా, ఆవిడ బూటు కొనకీ పెడల్‌కీ మధ్య ఉన్న ఖాళీ నాకు కనబడింది. రెండు వేళ్ళు. ఆవిడ ఒళ్ళు కిందికి జార్చింది, మడమ సాగదీసింది, నొప్పికి మొహం ఒక్కసారి ముడుచుకుపోయింది. ఆ ముక్క అడ్డం పెట్టిన తలుపు వైపు చూడబోయి నేనే కళ్ళు తిప్పేసుకున్నాను. ఎన్ని ప్యాంట్లు కుట్టాను ఈ చేతులతో, ఆ ముక్కని చేత్తో పట్టుకుని, అది ఎవరి కాలికి కొలతో తెలుసుకోలేకపోయాను.

వదిన కాలు వెనక్కి తీసుకుంది. బండి చాలా బాగుందని, అచ్చం కొత్తదానిలా ఉందని తమ్ముడితో చెప్పింది. సీటు కుట్టు బాగుందని నాతో అంది. తర్వాత చాలా మామూలుగా, నడుం ఒప్పుకునేలా లేదు, రేపు నువ్వే తిప్పు అంది. మా ఆయనకి ఏమీ అర్థం కాలేదు. మూడు చుట్లే కదా, నెమ్మదిగానే కదా, భయమెందుకని అక్కకి ధైర్యం చెప్పడం మొదలుపెట్టాడు. పందేలు గెలిచిన మనిషికి ధైర్యం చెబుతున్నాడు, రెండో బహుమతి వీరుడు. నోరు తెరిచి విషయం చెబుదామనుకున్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపు వద్దంది. ఇన్నేళ్ళూ ఎవరూ ఎత్తని మాట ఇప్పుడు నేనెలా ఎత్తను? లేపి నిలబెట్టాం. బూట్లు వేసుకుని, కుంటుకుంటూ నా గదిలోకి నడిచింది.

తలుపు దగ్గర ఆగిపోయింది. కష్టం మీద వంగి, అడ్డం పెట్టిన ముక్కని తీసింది. తలుపు ధడాలున పడింది.

ఇది ఇక్కడ ఎవరు పెట్టారని అడిగింది. నేనే అన్నాను. చిన్న గొంతుతో అన్నాను. మా ఆయన హుషారుగా వచ్చి, ఎవడో దరిద్రుడు పెడల్‌కి అతికించాడక్కా, కోసి పారేశాను అని, వెల్డింగు గురించి మళ్ళీ మొదలుపెట్టబోయాడు. వదిన ఆ రబ్బరుని బొటనవేలితో రుద్దుతూ ఉంది.

"మొదటి పందెం రోజున నాకు బ్రేకు అందలేదు," అంది. "నాన్నకి చెప్పడానికి సిగ్గేసి, బండిలో ఏడుస్తూ కూర్చున్నాను. నాన్న వచ్చి పెడల్ వంక చూసి, ఈ ఫ్యాక్టరీవాళ్ళు దీన్ని పొట్టిగా చేసి తగలేశారే అన్నాడు. నా కాలు వైపు చూడను కూడా చూడలేదు. పక్కవాళ్ళ దగ్గర వెల్డింగు మిషను అడిగి తెచ్చి, గంటలో పందెం పెట్టుకుని, ఇది అతికించాడు. చాన్నాళ్ళు నేను నిజంగానే పెడలే పొట్టి అనుకున్నాను రా."

మా ఆయన తిరగేసిన రంగు డబ్బా మీద కూర్చుండిపోయాడు. వారం రోజుల తిట్లూ తిరిగొచ్చి ఆయన నెత్తిమీదే పడ్డట్టున్నాయి. చివరికి ఆయన చూపు అక్క ఎడంకాలి మీదికి వెళ్ళింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అనుకుంటాను, తిప్పుకోకుండా చూశాడు.

"నాకు తెలీదక్కా," అన్నాడు.

"నీకెవరు చెప్పారు గనక," అంది వదిన.

నాకు ఆ నిమిషాన ఆయన మీద ఎంత కోపం రావాలో అంత జాలి వచ్చింది. అది ఎక్కువసేపు ఉంచుకోదగ్గ రోగం కాదు గనక, లేచి పని చూడమన్నాను. వదినని మళ్ళీ సీట్లో కూర్చోబెట్టాం. ఎడంకాలు ఎక్కడికి హాయిగా అందుతుందో అక్కడ నా కుట్టు సుద్దముక్కతోనే గీత గీశాడు. ఆవిడని దింపాక పెడల్ విప్పి, నున్నగా మెరుస్తున్న దాని మొహం మీద రంగు గీకేసి, మామయ్యగారి ముక్కని మళ్ళీ అతికించాడు. కేటలాగు లేదు, భూతద్దం లేదు, తెల్లారితే ప్రదర్శన. పూర్తయ్యాక చూస్తే ఆ వెల్డింగు పాతదాని కన్నా అధ్వాన్నంగా ఉంది. చేసినవాడికి ఉన్నవి చేతులా కాళ్ళా అని నేను అడగలేదు. అడగాలని నాలుక దురద పెట్టింది, ఆపుకున్నాను. ఆయన స్క్రూడ్రైవరు తీసుకుని వెనక గొట్టం దగ్గర చతికిలబడి, లప్పం గీకడం మొదలుపెట్టాడు.

మర్నాడు ట్రాక్ దగ్గర సంఘమంతా తెల్ల చేతి తొడుగులు వేసుకుని నిలబడింది. డాక్టరుగారు అద్దంతో మా బండి ఇంజను సందులన్నీ చూశారు. వాషర్లు చూశారు. సీటు కుట్లు లెక్కపెట్టి తల పంకించారు, ఆ పంకింపు నాకు రావాల్సింది, మా ఆయన పుచ్చుకున్నాడు. ఇత్తడి విషయంలో ఈసారి వేలెత్తి చూపడానికి లేదన్నారు. తర్వాత వెనక గొట్టం మీద గీతలు పడి బయటికొచ్చిన అక్షరాలు చూసి నొచ్చుకున్నారు. తర్వాత పెడల్ చూశారు. పుచ్చిన పన్ను చూసినట్టు చూశారు.

మా ఆయనని పక్కకి పిలిచి, ఎంతో ఆప్యాయంగా చెప్పారు. ఇంత మంచి బండి ఆయన తన జన్మలో చూడలేదట. అక్షరాలకి పోయే మార్కులు పోగా కూడా మొదటి బహుమతి మాదేనట. ఆ వికారపు ముక్క ఒక్కటి కోసేస్తే చాలునట, ఆయన కారులో రంపం కూడా ఉందట. మా ఆయన ఆ కప్పు కోసం ఎన్ని సాయంత్రాలు ఎదురుచూశాడో నాకు తెలుసు. వదిన హెల్మెట్ చంకలో పెట్టుకుని కాస్త దూరంలో నిలబడి, వినబడనట్టు నటిస్తోంది.

"ఫ్యాక్టరీవాళ్ళు దాన్ని పొట్టిగా చేశారండీ," అన్నాడు మా ఆయన. "మా నాన్న సరిచేశాడు. మార్కులు ఎన్ని కావాలంటే అన్ని తగ్గించుకోండి."

ఈయన్ని చేసుకున్నందుకు గర్వపడ్డ సందర్భాలు నాకు పెద్దగా లేవు. అది ఒకటి. పైకి చెప్పలేదు, చెబితే ఇంకో తుప్పు తెస్తాడు.

మాకు ఏ బహుమతీ రాలేదు. మొదటి కప్పు ఇత్తడి వాషర్ల మహానుభావుడు ఎవరికో వెళ్ళింది. ఊరేగింపు మొదలైంది. మొదటి చుట్టు అందరూ బుద్ధిగా, వరసగా, అత్తరు సీసాలు మోసుకెళ్తున్నట్టు వెళ్ళారు. రెండో చుట్టులో వదిన ఇంజను గొంతు మారింది. తెల్ల తొడుగులవాళ్ళు ఒక్కొక్కళ్ళే వెనకబడ్డారు. మూడో చుట్టులో డాక్టరుగారు జెండా ఊపుతూ, నెమ్మది, నెమ్మది అంటూ ట్రాక్ అంచు వెంట పరుగెత్తారు, ఆయన ఆయాసం చూస్తే గుండె డాక్టరు దగ్గరికి పంపాలనిపించింది. మలుపుల్లో కూడా ఆవిడ ఎడంకాలు ముందుకి కదల్లేదు. అంత గొడవపడి, అంత కన్నీళ్ళు పెట్టుకుని అతికించిన బ్రేకు, ఆ మహాతల్లి ఒక్కసారీ తొక్కలేదు.

తొక్కింది లెండి, ఒకేసారి. చుట్లు అయిపోయాక నేరుగా మా ఆయన మీదికొచ్చి, ఆయన బూట్లకి బెత్తెడు దూరంలో బండిని నిలిపేసింది. ఆయన కదల్లేదు. ఆవిడ హెల్మెట్ తీసి, ఆ చిట్లించిన మొహంతో, అచ్చం ఫొటోలోలా తమ్ముణ్ణి చూసింది.

"అందుతోంది రా," అంది.

మరుసటి వారం ఆపరేషను బాగానే జరిగింది. ఇప్పుడు ఎత్తు కుర్చీలో కూర్చుని స్కూల్లో అందరి మీదా కేకలేస్తోంది. నా తలుపుకి అడ్డం పెట్టడానికి ఏమీ లేక కొన్నాళ్ళు అవస్థ పడ్డాను. కిందటేడు వచ్చిన రెండో బహుమతి కప్పు పెట్టి చూశాను, బరువు సరిగ్గా సరిపోయింది. మా ఆయన దాన్ని చూశాడు, దాటుకుని గరాజ్‌లోకి వెళ్ళాడు.